ఏ ఇబ్బందీ లేని అమ్మాయికి క్లామిడియా టెస్ట్ ఎందుకు?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను. మీకు 22 ఏళ్లు, టెక్సస్‌లో ఎంఎస్ చేస్తున్నారు. పీరియడ్స్ నొప్పికి మందు కోసం యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కి వెళ్లారు. నర్సు మీరు నింపిన ఫారం చూసి, చేతిలో ఒక స్వాబ్, అంటే శాంపిల్ తీసే దూది పుల్ల, పెట్టి, "క్లామిడియా, గనేరియా టెస్ట్, బాత్రూంలో మీరే తీసుకుని ఇవ్వండి" అంది. మీకు ఒళ్లు మండి, అది అక్కడే పెట్టేసి వచ్చేశారు. "దురద లేదు, మంట లేదు, వాసన లేదు. ఉన్నది ఒక్క బాయ్‌ఫ్రెండ్. వాళ్ల కంటికి నేనెలా కనపడ్డాను? ఇది నిజంగా అవసరమా, బిల్లు కోసమా? అబ్బాయిలకి ఇవ్వరట, మాకే ఎందుకు?" అని అడిగారు. ఇంట్లో తెలుస్తుందేమో, వీసాకి అడ్డమేమో అన్న భయాలు చివర్లో ఉన్నాయి.

చేయించుకోండి. వెళ్లి ఆ స్వాబే అడగండి. నర్సు మిమ్మల్ని చూసి ఇవ్వలేదు, ఫారంలో రెండు గడులు చూసి ఇచ్చింది: వయసు 25 లోపు, లైంగిక సంబంధం ఉంది. ఈ రెండూ ఉన్న ప్రతి అమ్మాయికీ ఏడాదికోసారి క్లామిడియా, గనేరియా పరీక్ష చేయాలని అక్కడి నియమం. రెండూ లైంగిక కలయిక వల్ల సోకే బ్యాక్టీరియా జబ్బులు. బాయ్‌ఫ్రెండ్ ఒక్కడా, పెళ్లయిందా, చర్చికి వెళ్తుందా, గుడికి వెళ్తుందా అని చూడరు. మా అమ్మాయి అక్కడ చదువుతున్నా ఆమె చేతిలోనూ అదే పెడతారు, నేను తీసుకోమనే చెప్తాను.

నేను గైనకాలజిస్టుని. ఇంగ్లండులో ఏడేళ్లు పనిచేశాను, అందులో మూడేళ్లు లైంగిక ఆరోగ్య క్లినిక్‌లో. తర్వాత విజయవాడ వచ్చేసి పద్నాలుగేళ్లయింది. రెండు చోట్లా చూసింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మీలాంటి ప్రశ్న నన్ను నేరుగా అడిగేవాళ్లు తక్కువ. అడగాల్సినవాళ్లు మాత్రం చాలామందే ఉన్నారు.

ఇబ్బంది లేకపోవడమే ఈ జబ్బు పద్ధతి

మన ఇళ్లలో జబ్బంటే నొప్పి ఉండాలి, జ్వరం ఉండాలి, కనీసం తెల్లబట్ట అయినా అవ్వాలి. క్లామిడియాకి ఆ పట్టింపు లేదు. ఈ బ్యాక్టీరియా గర్భసంచి ముఖద్వారం లోపలి పొర కణాల్లోకి దూరి, అక్కడే నెమ్మదిగా పెరుగుతుంది. అది సోకిన ఆడవాళ్లలో పదిమందిలో ఏడుగురికి, ఇంకా ఎక్కువమందికే, ఏమీ తెలియదు. గనేరియా మగవాళ్లలో గోల చేస్తుంది. చీము, మంటతో రెండు మూడు రోజుల్లో డాక్టర్ దగ్గరికి పరిగెత్తిస్తుంది. మన పెద్దవాళ్లు సెగరోగం అనేది దాన్నే. ఆడవాళ్లలో మాత్రం అది కూడా చాలాసార్లు చప్పుడు చేయదు.

మందు వేయకుండా వదిలేస్తే, నూటికి పది పదిహేనుమందిలో ఇది ముఖద్వారం దాటి పైకి, గర్భసంచి మీదుగా, అండం వచ్చే దారులైన ట్యూబుల్లోకి పాకుతుంది. మిగతావాళ్లలో ఒంట్లోని రక్షణ శక్తే కొన్ని నెలలకో, ఏడాదికో దాన్ని వెళ్లగొడుతుంది. ఎవరికి పాకుతుందో, ఎవరికి దానంతటదే పోతుందో ముందుగా చెప్పే సాధనం మా దగ్గర లేదు. ఉంటే ఇంతమందికి స్వాబ్ ఇవ్వాల్సిన పనే ఉండేది కాదు.

ట్యూబు గురించి ఒక్క మాట. స్కాన్ చేసేటప్పుడు చాలామంది "ట్యూబులు ఓకేనా మేడమ్?" అంటారు. బాగున్న ట్యూబు మామూలు స్కాన్‌లో కనపడనే కనపడదు. బయట నుంచి పెన్సిలంత లావు, లోపలి దారి మాత్రం కొన్నిచోట్ల మిల్లీమీటరు మాత్రమే. ఆ దారి గోడలకి నూగులాంటి సన్నటి వెంట్రుకలుంటాయి, అవి అలలా కదులుతూ అండాన్ని గర్భసంచి వైపు తోస్తాయి. ఇన్‌ఫెక్షన్ వచ్చి వెళ్లాక ఆ నూగు మాడిపోతుంది. దారి పూర్తిగా మూసుకుంటే పిల్లలు పుట్టరు. సగం మూసుకుంటే ఇంకా ప్రమాదం, పిండం మధ్యలో ఆగి ట్యూబులోనే పెరుగుతుంది. అది పగిలిన రాత్రి ఆపరేషన్ టేబుల్ మీద కడుపు తెరిస్తే రెండు లీటర్ల రక్తం ఉండటం నేను చూశాను. ఆ అమ్మాయికి 24. అంతకుముందు ఎప్పుడూ ఏ ఇబ్బందీ లేదని వాళ్ల అమ్మ పదేపదే చెప్పింది. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు.

25 లోపే ఎందుకు, ఆడపిల్లలకే ఎందుకు

ఆ వయసులో జబ్బు ఎక్కువగా దొరుకుతుంది కాబట్టి. అమెరికాలో 2023లో 16 లక్షలకు పైగా క్లామిడియా కేసులు నమోదయ్యాయి, వాటిలో పెద్ద వాటా 15 నుంచి 24 ఏళ్ల వాళ్లదే. శరీరం వైపు నుంచి కూడా ఒక కారణం ఉంది. చిన్న వయసులో ముఖద్వారం లోపలి మెత్తటి పొర కొంత బయటికి విప్పారి ఉంటుంది. క్లామిడియాకి కావలసింది సరిగ్గా ఆ కణాలే. వయసు పెరిగేకొద్దీ ఆ పొర లోపలికి వెళ్లిపోతుంది. అన్నట్టు, మన దగ్గర దీన్నే "గర్భసంచి మూతికి పుండు" అని భయపెట్టి కాల్చేసే ఆచారం ఇంకా ఉంది. అది పుండు కాదు, వయసు లక్షణం. ఆ కథ ఇంకోసారి.

అబ్బాయిలకి ఎందుకు ఇవ్వరన్న ప్రశ్న న్యాయమైనదే. వాళ్ల నుంచే కదా వచ్చేది! ఇంగ్లండులో 2003లో మొదలుపెట్టిన కార్యక్రమంలో 15 నుంచి 24 ఏళ్ల ఆడా మగా ఇద్దరికీ ఇచ్చేవాళ్లు. కాలేజీల్లో, మందుల షాపుల్లో, పోస్టులో ఇంటికి కూడా కిట్లు వెళ్లేవి. 2021 జూన్‌లో పద్ధతి మార్చారు. లక్షణాల్లేని అబ్బాయిలకి పిలిచి ఇవ్వడం ఆపేసి, అమ్మాయిల మీద దృష్టి పెట్టారు. కారణం ఒక్కటే, నష్టం దాదాపు అంతా ఆడవాళ్లకే. మగవాళ్లలో క్లామిడియా వల్ల శాశ్వతంగా చెడేది చాలా తక్కువ. ఉన్న డబ్బుతో ఎవరి ట్యూబులు కాపాడాలో వాళ్లకే టెస్ట్ అని లెక్క వేసుకున్నారు. మీ బాయ్‌ఫ్రెండ్ అడిగి చేయించుకోకూడదని కాదు. అడిగితే అతనికీ చేస్తారు, యూరిన్ ఇస్తే చాలు.

ఈ టెస్ట్ మీద డాక్టర్లందరిదీ ఒకటే మాట కాదు

ఇది దాచి చెప్తే మీకు అన్యాయం చేసినట్టే. అమెరికాలో సియాటిల్‌లో చేసిన అధ్యయనం 1996లో వచ్చింది. రిస్క్ ఎక్కువున్న అమ్మాయిల్ని పిలిచి టెస్ట్ చేస్తే, ఏడాదిలో పొత్తికడుపు ఇన్‌ఫెక్షన్లు సగానికి పైగా తగ్గాయని అందులో తేలింది. అమెరికా నియమానికి అది పెద్ద ఆధారం. తర్వాత 2010లో లండన్ విద్యార్థినులు దాదాపు 2,500 మంది మీద చేసిన అధ్యయనంలో అంత తేడా కనపడలేదు. టెస్ట్ చేసి వెంటనే మందిచ్చిన గుంపులో 1.3 శాతం మందికి, ఏడాది ఆగి స్వాబ్‌లు పరీక్షించిన గుంపులో 1.9 శాతం మందికి పొత్తికడుపు ఇన్‌ఫెక్షన్ వచ్చింది. తేడా ఉంది కానీ, అది స్క్రీనింగ్, అంటే లక్షణాల్లేనివాళ్లకి ముందే టెస్ట్ చేయడం, వల్లే అని గట్టిగా చెప్పేంత కాదు.

ఆ లండన్ లెక్కల్లో నాకు బాగా గుర్తుండిపోయిన సంగతి వేరే ఉంది. ఆ ఏడాదిలో ఇన్‌ఫెక్షన్ వచ్చిన 38 మందిలో 30 మందికి మొదట్లో క్లామిడియా నెగటివే. అంటే కొందరికి టెస్ట్ తర్వాత కొత్తగా సోకింది, ఇంకొందరికి కారణం వేరే సూక్ష్మజీవి. ఒకసారి నెగటివ్ వచ్చిందంటే ఆ రోజుకి నెగటివ్ అని మాత్రమే. ఏడాదికోసారి అనడం, కొత్త మనిషితో సంబంధం మొదలైతే మళ్లీ అనడం ఇందుకే.

నెదర్లాండ్స్‌లో 2008 నుంచి 2011 వరకు మూడు ప్రాంతాల్లో ఆడా మగా యువతందరికీ ఉత్తరాలు రాసి మరీ పిలిచారు. వచ్చినవాళ్లు తక్కువ, జబ్బు తగ్గిన దాఖలా సరిగా లేదు, ఆపేశారు. కాబట్టి ఊరందరికీ టెస్ట్ చేస్తే ఊళ్లో జబ్బు తగ్గుతుందా అంటే నేను తల ఊపను. కానీ మీరు అడిగింది ఊరి సంగతి కాదు, మీ సంగతి. అదే లండన్ అధ్యయనంలో క్లామిడియా ఉండి మందు పడనివాళ్లు 74 మందిలో ఏడుగురికి ఏడాదిలో ఇన్‌ఫెక్షన్ పైకి పాకింది. మందు పడ్డ 63 మందిలో ఒక్కరికే. చిన్న లెక్కలే. అయినా నా చేతిలో స్వాబ్ పెట్టి నిర్ణయించుకోమంటే నాకు ఇవి చాలు.

టెస్ట్ ఎలా ఉంటుంది

చెవిలో పెట్టుకునే బడ్‌కి పొడుగాటి అన్నలా ఉంటుంది. ప్యాకెట్ విప్పేముందు చేతులు కడుక్కోండి. దూది ఉన్న వైపు ముట్టుకోవద్దు, కింద పెట్టొద్దు. కమోడ్ మీద కూర్చుని గానీ, ఒక కాలు ఎత్తి పెట్టి గానీ, యోని లోపలికి రెండు అంగుళాలు పోనిచ్చి, గోడలకి తగిలేలా పది నుంచి ముప్పై సెకన్లు నెమ్మదిగా తిప్పండి. బయటికి తీసి ట్యూబులో పెట్టి, పుల్ల మీద గీత ఉన్న చోట విరిచేసి మూత బిగించండి. అంతే. ట్యూబులో ఉన్న నీళ్లు ఒలికితే ఇంకో కిట్ అడగండి, మొహమాట పడొద్దు. ఇంగ్లండులో మొదటివారం ఒక అమ్మాయి ఆ నీళ్లు ముందు తాగాలేమో అనుకుని బయటికొచ్చి నన్ను అడిగింది. నవ్వాపుకున్నాను కానీ, తప్పు మాదే, ఎవరూ సరిగా చెప్పలేదు.

మీరు తీసుకున్న స్వాబ్‌కీ డాక్టర్ తీసిన స్వాబ్‌కీ ఫలితంలో తేడా రాదు. ఇది బాగా పరీక్షించి తేల్చిన విషయం. బట్టలు విప్పి టేబుల్ మీద పడుకోవాల్సిన అవసరం లేదు. యూరిన్‌తో కూడా చేయొచ్చు కానీ ఆడవాళ్లలో స్వాబే కొంచెం మెరుగు. యూరిన్ ఇస్తే మాత్రం గంట ముందు నుంచి బాత్రూంకి వెళ్లకుండా, మొదట వచ్చే ధార పట్టాలి. మన దగ్గర యూరిన్ కల్చర్‌కి మధ్యలోది పట్టమంటారు కదా, ఇది దానికి సరిగ్గా ఉల్టా.

కొత్త మనిషితో లైంగికంగా కలిసిన మర్నాడే చేస్తే దొరకదు, రెండు వారాలు ఆగాలి.

ఇండియాలో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి

మన దేశంలో లక్షణాల్లేని అమ్మాయిలకి క్లామిడియా స్క్రీనింగ్ కార్యక్రమం లేదు. గర్భిణులకి మొదటి చెకప్‌లో హెచ్ఐవీ, సిఫిలిస్ టెస్టులు చేస్తారు, అది మంచి పనే. మిగతా అంతా లక్షణాన్ని బట్టి మందు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి, అక్కడ రంగు రంగుల కిట్లు ఉచితంగా ఇస్తారు. తెల్లబట్ట అని వస్తే ఆకుపచ్చ కిట్, ముఖద్వారం నుంచి చీము కనపడితే బూడిద రంగు కిట్, పొత్తికడుపు నొప్పికి పసుపుది. ల్యాబ్ లేని చోట ఈ పద్ధతి ఎంతోమందిని కాపాడింది, నేను చిన్నచూపు చూడను. కానీ చిక్కు ఎక్కడంటే, తెల్లబట్ట అని వచ్చే పదిమందిలో ఎక్కువమందికి ఉండేది ఫంగసో, లోపలి మంచి బ్యాక్టీరియా తగ్గడమో, లేదా అసలు ఏమీ లేకపోవడమో. క్లామిడియా ఉన్న అమ్మాయి ఏ ఇబ్బందీ లేక ఇంట్లోనే కూర్చుంటుంది. ఆమెకి ఏ రంగు కిట్టూ అందదు.

ఇక ప్రైవేట్ ల్యాబులు. "ఎస్‌టిడి ప్యాకేజీ" అని ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తారు. రెండేళ్ల కిందట ఒక అమ్మాయి నాలుగు పేజీల రిపోర్టు పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. ఐటీ ఉద్యోగం, పెళ్లి కుదిరింది, ముందు జాగ్రత్తగా తనే చేయించుకుంది. క్లామిడియా ఐజీజీ (రక్తంలో యాంటీబాడీ) పాజిటివ్, హెర్పిస్ ఒకటో రకం ఐజీజీ పాజిటివ్, ఎర్ర అక్షరాల్లో. కాబోయేవాడికి ఫొటో పెట్టింది. అతను రెండు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు.

నేను ఆ రిపోర్టు పక్కన పెట్టి స్వాబ్ తీసి, బ్యాక్టీరియా జన్యువునే వెతికే పీసీఆర్ పరీక్షకి పంపాను. నెగటివ్. రక్తంలో క్లామిడియా యాంటీబాడీ చూసి ఇప్పుడు జబ్బు ఉందో లేదో చెప్పలేం. ఎప్పుడో వచ్చి పోయినా పాజిటివ్ రావచ్చు, ఊపిరితిత్తులకి వచ్చే దాని దాయాది బ్యాక్టీరియా వల్ల కూడా రావచ్చు. హెర్పిస్ ఒకటో రకం చిన్నప్పుడు ముద్దుపెట్టిన మేనత్త దగ్గర నుంచి కూడా వస్తుంది, జ్వరం తగ్గాక పెదవి మీద లేచే పొక్కులు అవే. పుండు లేని మనిషికి హెర్పిస్ రక్తపరీక్ష చేయొద్దని అమెరికా నిపుణుల కమిటీ స్పష్టంగా చెప్పింది, తప్పుడు పాజిటివ్‌లు అంత ఎక్కువ. ఆ అబ్బాయిని పిలిపించి అరగంట కూర్చోబెట్టి చెప్పాను. పెళ్లయింది. అలా కూర్చోబెట్టి చెప్పేవాళ్లు దొరకక చెడిపోయిన సంబంధాలు ఎన్ని ఉంటాయో.

కాబట్టి ఇక్కడ చేయించుకునేవాళ్లు "క్లామిడియా, గనేరియా పీసీఆర్, స్వాబ్‌తో" అని అడగండి. కొన్ని ల్యాబులు నాట్ అంటాయి, ఈ పరీక్షకి ఆ పేరూ నడుస్తుంది. రక్తంతో చేయాల్సినవి హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బీ. హెపటైటిస్ బీకి, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్‌కి టీకాలు ఉన్నాయి, అవి వేయించుకోండి. హెచ్‌పీవీ టెస్ట్ ఈ వయసులో వద్దు. 30 లోపు అది వస్తుంది, చాలావరకు దానంతటదే పోతుంది, తెలుసుకుని టెన్షన్ పడటం తప్ప లాభం లేదు.

లూప్ వేయించుకునే ముందు, అబార్షన్ సమయంలో ఈ స్వాబ్ తప్పకుండా అడగండి. ముఖద్వారం దాటి పరికరం లోపలికి వెళ్లేటప్పుడు అక్కడ క్లామిడియా ఉంటే పైకి చేరే దారి మనమే వేసినట్టవుతుంది. చాలాచోట్ల టెస్ట్ చేయకుండా యాంటీబయోటిక్ ఇచ్చి పంపేస్తారు.

ఇంకో సంగతి. 18 లోపు పిల్లలు అయితే పిల్లలపై లైంగిక నేరాలకి సంబంధించిన మన పోక్సో చట్టం ప్రకారం డాక్టర్ పోలీసులకి తెలియజేయాల్సి ఉంటుంది. అది తెలిసే చాలామంది రారు. నాకు ఇక్కడ తేలికైన జవాబు లేదు.

మా క్లినిక్‌లో ఇంకో పెద్ద అడ్డం అమ్మ. అమ్మాయి పక్కనే కూర్చుని, నేను అడిగిన ప్రతిదానికీ అమ్మే జవాబు చెప్తుంది. అందుకే మా సిస్టర్‌కి ఒక సైగ ఉంది. "అమ్మగారూ, రిసెప్షన్‌లో ఫైల్ మీద సంతకం కావాలట" అని ఆమెని బయటికి తీసుకెళ్తుంది. ఆ మూడు నిమిషాల్లో నేను అడగాల్సింది అడుగుతాను. కొందరు లేదంటారు. కొందరు తల వంచుకుని అవునంటారు, తలుపు వైపు చూస్తూ. మీరు ఫారంలో నిజం రాశారు చూడండి, ఆ పని మన పిల్లలు చాలామంది చేయలేరు.

పాజిటివ్ వస్తే

వస్తే డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు, ఏడు రోజులు. క్లామిడియాకి అంతే. గనేరియా అయితే ఇంజెక్షన్ చేస్తారు, ఎందుకంటే ఆ సూక్ష్మజీవి ఒక్కో మాత్రకీ లొంగడం మానేస్తూ వచ్చింది. గర్భం ఉందేమో అన్న అనుమానం ఉంటే ముందే చెప్పండి, మందు మారుతుంది. డాక్సీ వేసుకునేటప్పుడు గ్లాసు నిండా నీళ్లు తాగండి, వేసుకోగానే పడుకోవద్దు. ఒక అమ్మాయి రాత్రి గుక్కెడు నీళ్లతో మింగి పడుకుంటే మాత్ర గొంతు కింద అతుక్కుని పుండయింది, మూడు రోజులు మజ్జిగ కూడా మింగలేకపోయింది. ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకోవద్దు. టెక్సస్ ఎండలో జాగ్రత్త, చర్మం కందిపోతుంది.

బాయ్‌ఫ్రెండ్‌కీ మందు పడాలి, ఇద్దరి కోర్సూ పూర్తయ్యేదాకా కలవొద్దు. మీకు వేసి అతనికి వేయకపోతే రెండో వారంలో మళ్లీ మొదటికి వస్తారు. అక్కడ చాలా రాష్ట్రాల్లో అతన్ని చూడకుండానే అతని మందు మీ చేతికే ఇవ్వొచ్చు, టెక్సస్‌లో కూడా. నాలుగు వారాల లోపు మళ్లీ టెస్ట్ చేయొద్దు, చచ్చిన బ్యాక్టీరియా ముక్కల్ని కూడా మెషీన్ పాజిటివ్ అంటుంది. మూడు నెలలకి మళ్లీ చేయించుకోండి, తిరిగి సోకడం చాలా మామూలు.

"ఒక్కడే బాయ్‌ఫ్రెండ్" అన్నారు కదా. మీకు ఒక్కడే. అతనికి మీకంటే ముందు ఎవరైనా ఉంటే, ఆమెకి ముందు ఇంకెవరైనా ఉంటే, ఆ గొలుసు మీదాకా వస్తుంది. క్లామిడియా చప్పుడు లేకుండా నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా ఉండిపోతుంది. పాజిటివ్ వచ్చినంతమాత్రాన ఇవాళ ఎవరో మోసం చేశారని అర్థం కాదు. ఎప్పుడు వచ్చింది, ఎవరి నుంచి వచ్చింది అన్నది ఏ రిపోర్టూ చెప్పదు. పంచాయితీ పెట్టుకోకండి. నిజంగా అనుమానం వేసేంత తక్కువ రిస్క్ ఉండి పాజిటివ్ వస్తే, గొడవ పడే ముందు ఇంకో శాంపిల్ ఇవ్వండి. వెయ్యి మందిలో పదిమందికే జబ్బు ఉందనుకోండి, టెస్ట్ నూటికి ఒకసారి పొరబడుతుందనుకోండి. నిజం పాజిటివ్‌లు పది, తప్పుడు పాజిటివ్‌లు కూడా దాదాపు పదే వస్తాయి. ఇప్పటి పీసీఆర్‌లు అంతకంటే మెరుగే, అయినా జబ్బు అరుదుగా ఉన్నచోట అందరికీ టెస్ట్ చేస్తే ఈ లెక్క వెంటాడుతుంది. మన ప్యాకేజీ వ్యాపారానికి ఈ లెక్క ఎవరూ చెప్పరు.

పిల్లలు లేరని మా దగ్గరికి వచ్చి, ట్యూబ్ టెస్ట్‌లో రెండువైపులా మూసుకుపోయి తేలిన జంటలు చాలామంది. ఒకామెకి ల్యాప్రోస్కోపీ చేస్తే కాలేయానికీ పొట్ట గోడకీ మధ్య సన్నటి తెల్లటి పొరలు దారపు పోగుల్లా సాగి ఉన్నాయి. పాత ఇన్‌ఫెక్షన్ గుర్తు అది. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి టీబీ కూడా పెద్ద కారణం కాబట్టి ముందు అది చూశాం, లేదు. ఆమె జీవితంలో భర్త తప్ప వేరే మగవాడు లేడు. అతను బయట ఒక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు, నేను బయటికి రాగానే "నా వల్లేనా డాక్టర్?" అన్నాడు. ఖాయంగా చెప్పలేనన్నాను, అదే నిజం. అత్తగారు మాత్రం మూడేళ్లుగా కోడలినే అంటోంది.

ఇంట్లో తెలుస్తుందా, వీసా

24 ఏళ్ల వరకు ఈ స్క్రీనింగ్ అక్కడి చట్టం ప్రకారం చాలా ఇన్సూరెన్సుల్లో మీ చేతి నుంచి డబ్బు పెట్టకుండా చేయాల్సిన వాటిలో ఉంది. కాబట్టి బిల్లు కోసం కాదు. మీది యూనివర్సిటీ వాళ్ల స్టూడెంట్ ప్లానే అయితే ఇన్సూరెన్సు కాగితం మీ పేరు మీదే, మీ అడ్రస్‌కే వస్తుంది, గుంటూరులో మీ ఇంటికి వెళ్లదు. భర్త ప్లాన్ మీదో, అక్కడే స్థిరపడ్డ నాన్న ప్లాన్ మీదో ఉన్నవాళ్లు జాగ్రత్త. ఆ కాగితం ప్లాన్ ఎవరి పేరున ఉంటే వాళ్లకి వెళ్తుంది. కాగితాలు నాకే పంపండి అని ముందే రాసివ్వొచ్చు, లేదా కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ క్లినిక్‌లో తక్కువ ఖర్చుతో చేయించుకోవచ్చు.

పాజిటివ్ వస్తే ల్యాబ్ రాష్ట్ర ఆరోగ్య శాఖకి తెలియజేస్తుంది. అది జబ్బుల లెక్క కోసం, రహస్యంగా ఉంటుంది. ఒక్కోసారి వాళ్లు ఫోన్ చేసి మందు పడిందా అని అడుగుతారు, కంగారు పడొద్దు. స్టూడెంట్ వీసాకి దీనితో సంబంధం లేదు. రేపెప్పుడో గ్రీన్‌కార్డ్ మెడికల్‌కి వెళ్తే అక్కడ చూసేవి సిఫిలిస్, గనేరియా. అవి ఉన్నా మందు పడితే సరిపోతుంది. క్లామిడియా ఆ జాబితాలోనే లేదు.

హెల్త్ సెంటర్‌కి మళ్లీ వెళ్లినప్పుడు ఆ నర్సే ఉంటే, "ఆ రోజు ఇచ్చిన స్వాబ్ కావాలి" అంటే చాలు. పీరియడ్స్‌లో ఉన్నా పరవాలేదు, తీసుకోవచ్చు. మీరు అసలు వెళ్లింది పీరియడ్స్ నొప్పికి కదా, దానికి మందు ఇచ్చారా లేదా మీరు రాయలేదు. ఈసారి అది కూడా అడిగి రండి.